ఎడారి ఊళ్ళో భూటాన్ కోట.. ఎల్ పాసోని గీసిన మనిషి కథ!

టెక్సాస్ అనగానే మనవాళ్ళకి డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ గుర్తొస్తాయి. ఎమ్మెస్‌కి వెళ్ళిన ఏ అన్నయ్యో, సీనియర్ అక్కో అక్కడ ఉండే ఉంటారు. ఓసారి ఫోన్‌లో మ్యాప్ తెరిచి, అక్కణ్ణుంచి పడమటికి జరుపుతూ వెళ్ళండి. జరుపుతూనే ఉండాలి మరి! డాలస్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోయాక, రాష్ట్రం చిట్టచివర, మెక్సికో సరిహద్దుని ఆనుకుని ఒక ఊరు కనిపిస్తుంది. ఎల్ పాసో. టెక్సాస్‌లోనే ఉన్నా దాని టైమ్ జోన్ వేరు. హ్యూస్టన్ కంటే కాలిఫోర్నియాలోని శాన్ డియాగోనే ఆ ఊరికి కాస్త దగ్గర.

ఇప్పుడు ఆ ఊరి యూనివర్సిటీ ఫొటో ఒకటి వెతికి, పేరు చెప్పకుండా మీ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టండి. ఎక్కడిదో చెప్పమనండి. టిబెట్ అంటారు, భూటాన్ అంటారు, సిక్కింలో ఏదో మఠం అంటారు. టెక్సాస్ అని మాత్రం ఎవరూ అనరు. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలే మందపాటి గోడలు, బాగా ముందుకు చాచిన చూరు, ఆ చూరు కింద చుట్టూ ఎర్రటి ఇటుక పట్టీ, దాని మధ్య మండలాల్లాంటి రంగుల బిళ్ళలు. అచ్చంగా హిమాలయాల్లో కొండ కొమ్మున ఉండే కోటే. కాకపోతే చుట్టూ మంచు ఉండదు, నాగజెముడు ఉంటుంది.

ఇది నిన్నమొన్న ఎవరో థీమ్ పార్కులా కట్టింది కాదు. మొదటి భవనం 1917 నాటిది. అప్పటికి బయటి ప్రపంచంలో భూటాన్‌ని కళ్ళతో చూసినవాళ్ళే చాలా తక్కువ. మరి ఆ కోట ఎడారికి ఎలా వచ్చింది?

ఒక పత్రిక వల్ల!

డీన్‌గారి భార్య చూపించిన ఫొటోలు

1914లో ఎల్ పాసోలో గనుల చదువు కోసం ఒక కాలేజీ పెట్టారు. రెండేళ్ళు దాటగానే, 1916 అక్టోబరులో దాని ప్రధాన భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కొత్త చోట, ఫ్రాంక్లిన్ కొండల దగ్గర రాళ్ళ నేల మీద మళ్ళీ కట్టాలి. ఎలా కట్టాలన్న చర్చ నడుస్తుండగా కాలేజీ డీన్ స్టీవ్ వారెల్ భార్య క్యాథ్లీన్‌కి ఎప్పుడో చదివిన ఒక పత్రిక గుర్తొచ్చింది. నేషనల్ జియోగ్రాఫిక్, 1914 ఏప్రిల్ సంచిక. అందులో భూటాన్ గురించి పెద్ద వ్యాసం, బోలెడు ఫొటోలు. కొండల మధ్య లేచిన ఆ కోటల్ని చూసి, మన కొండలకి కూడా ఇలాంటివే నప్పుతాయి కదా అన్నది ఆవిడ ఆలోచన.

ఆ వ్యాసం రాసి, ఫొటోలు తీసింది జాన్ క్లాడ్ వైట్. ఈయన సిక్కింలో బ్రిటిష్ ప్రభుత్వం తరఫు పొలిటికల్ ఆఫీసర్. 1905లో, మళ్ళీ 1907లో భూటాన్ వెళ్ళాడు. రెండోసారి వెళ్ళినప్పుడు భూటాన్ మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్ పట్టాభిషేకాన్ని దగ్గరుండి చూశాడు. అంటే గ్యాంగ్‌టక్‌లో కొలువు చేసిన ఒక ఆఫీసరు తీసిన ఫొటోలు వాషింగ్టన్‌లో అచ్చయి, టెక్సాస్‌లో ఒకావిడ చేతిలో పడి, కాలేజీ అయిపోయాయి. ఇప్పుడైతే రీల్ వైరల్ అయింది అంటాం. అప్పట్లో దానికి మూడేళ్ళు పట్టింది, అంతే తేడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇవి భూటాన్ కోటలకి నకలు కావు. అక్కడి కోటల్ని జోంగ్ అంటారు. రాయి, మట్టి, కొయ్యతో కడతారు. కొయ్య చెక్కడానికే పెట్టింది పేరు. ఎల్ పాసోలో ఉన్నది కాంక్రీటు, ఇటుక, ప్లాస్టర్. ఫొటోల్లో కనిపించిన ఆకారాన్ని మాత్రం పట్టుకున్నారు. కానీ ఆ ఆకారం ఎడారికి భలేగా సరిపోయింది. ముందుకొచ్చిన చూరు గోడ మీద నీడ పడేస్తుంది, మందపాటి గోడ ఎండని ఆపుతుంది, లోతుగా ఉన్న కిటికీల్లోంచి వెలుగొస్తుంది గానీ సెగ రాదు. ఏడాదికి తొమ్మిది అంగుళాల వాన కూడా సరిగ్గా పడని ఊరికి ఇంకేం కావాలి?

భూటాన్‌వాళ్ళు ఏమన్నారు అని డౌటొస్తుంది కదా. వాళ్ళు సంతోషించారు. తర్వాత అక్కణ్ణుంచి విద్యార్థులు చదువుకోడానికి కూడా వచ్చారు. 2008లో వాషింగ్టన్‌లో జరిగిన స్మిత్సోనియన్ జానపద ఉత్సవం కోసం భూటాన్ శిల్పులు ఒక ఆలయం కట్టారు. దాన్ని ‘లాఖాంగ్’ అంటారు. ఉత్సవం అయ్యాక దాన్ని ఈ యూనివర్సిటీ విద్యార్థులకి కానుకగా ఇచ్చేశారు. విడదీసి తెచ్చి, మళ్ళీ కూర్చి, 2015లో క్యాంపస్ మధ్యలో తెరిచారు. కాంక్రీటు భూటాన్ పక్కన ఇప్పుడు అసలు భూటాన్ కూడా ఉంది. రెండూ పక్కపక్కన చూసుకోవచ్చు. క్యాంపస్‌లో ఆ తర్వాత కట్టిన భవనాలు కూడా దాదాపు అన్నీ ఇదే పోలికతో ఉంటాయి.

సరే, ఆలోచన ఆవిడది. దాన్ని కాగితం మీద గీసిందెవరు? ఈ కథకి అసలు హీరో ఆయనే. ఎందుకంటే ఆయన గీసింది ఆ ఒక్క కాలేజీ కాదు, దాదాపు ఊరంతా.

ముగ్గురన్నదమ్ములు, ఒక ఊరు

హెన్రీ ట్రోస్ట్. 1860లో ఒహాయోలోని టొలీడోలో పుట్టాడు. జర్మనీ నుంచి వలసొచ్చిన కుటుంబం. కుర్రతనంలో ఒక్కచోట నిలవలేదు. కొలరాడో, కాన్సస్ తిరిగి, ఆకాశహర్మ్యాలు మొదలైన రోజుల్లో షికాగో చేరాడు. అక్కడ కొన్నేళ్ళు లోహపు అలంకరణ పనులు గీశాడు. తర్వాత అరిజోనాలోని టూసాన్. చివరికి 1903లో ఎల్ పాసో. అప్పటికి నలభై దాటాయి. మన లెక్కలో ‘ఇంకెప్పుడు సెటిలవుతాడో’ అని చుట్టాలు అనుకునే వయసు!

తమ్ముళ్ళు కవలలు. ఒకాయన పేరు గుస్టావస్ అడాల్ఫస్. రెండో ఆయన పేరు అడాల్ఫస్ గుస్టావస్. జోకు కాదు, నిజంగానే. ముగ్గురూ కలిసి నడిపిన సంస్థే ట్రోస్ట్ అండ్ ట్రోస్ట్. హెన్రీ గీసేవాడు, తమ్ముళ్ళలో ఒకరు వ్యాపారం, ఇంకొకరు స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చూసేవాళ్ళు.

వాళ్ళు వచ్చిన టైమ్ చూడండి. 1880లో ఎల్ పాసో జనాభా 736. మన దగ్గర ఒక చిన్నపాటి పల్లె. ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టిన మట్టి మిద్దెలు, అంతే. 1881లో రైలొచ్చింది. 1910 నాటికి 39,279. 1920కి 77,560. నలభై ఏళ్ళలో వంద రెట్లు! రాగి కరిగించే ఫ్యాక్టరీ, పశువుల వ్యాపారం, మెక్సికోతో ఎగుమతి దిగుమతులు. డబ్బు వచ్చిపడుతోంది. డబ్బొచ్చినవాళ్ళకి మట్టి మిద్దెలు నామోషీ అనిపించాయి. షికాగోలో ఉన్నట్టు మాక్కూడా కావాలన్నారు. షికాగో చూసొచ్చిన మనిషి ఊళ్ళోనే ఉన్నాడు.

ఊరి మధ్యలో శాన్ జసింటో ప్లాజా అని ఒక పార్కు. దాని మూలన ఉన్న మిల్స్ బిల్డింగ్‌తో ట్రోస్ట్ పేరు మోగిపోయింది. 12 అంతస్తులు, 1911లో పూర్తయింది. కట్టించినాయన ఆన్సన్ మిల్స్. సర్వేయరుగా వచ్చి, 1859లో ఈ ఊరికి మొదటి ప్లాను గీసి, ఎల్ పాసో అని పేరు పెట్టింది ఈయనే. తర్వాత సైన్యంలో చేరి జనరల్ అయ్యాడు. తూటాలు పెట్టుకునే నేత బెల్టు కనిపెట్టి బాగా సంపాదించాడు. అదే స్థలంలో అంతకుముందున్న పెద్ద హోటలు 1892లో కాలిపోయింది. కాబట్టి ఈసారి కట్టేది కాలకూడదు.

ఆకాశహర్మ్యం అంటే అప్పట్లో ఉక్కు చట్రం. ట్రోస్ట్ దీన్ని ఉక్కు చట్రంతో కాకుండా పూర్తిగా కాంక్రీటుతో లేపాడు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లన్నీ అలాగే కడుతున్నాం కాబట్టి మనకి వింతగా ఉండదు. చెక్కలతో సెంట్రింగ్ కొట్టడం, లోపల ఇనుప ఊచలు కట్టడం, కాంక్రీటు పోయడం, ఆరాక చెక్కలు తీసి పై అంతస్తుకి పోవడం. కానీ 1910లో పన్నెండంతస్తులు అలా కట్టడమంటే సాహసమే. కాంక్రీటు వయసే అప్పటికి అంతంతమాత్రం. ట్రోస్ట్‌కి మాత్రం నమ్మకం గట్టిగా ఉంది. భవనం పూర్తవగానే తన ఆఫీసుని అందులోకే మార్చేశాడు.

ఇంకో సంగతి. ఆ భవనం పార్కు వైపు తిన్నగా ఉండదు, వీధి మలుపుని అనుసరిస్తూ ఒంపు తిరుగుతుంది. ఫొటోలో పెద్దగా తెలీదు. కింద నిలబడి తలెత్తితే మాత్రం అది మనతోపాటే తిరుగుతున్నట్టుంటుంది.

ఆ తర్వాత వరసే వరస. 1912లో హోటల్ పాసో డెల్ నార్టె. లాబీ పైన పాతికడుగుల రంగుల గాజు గుమ్మటం. 1916లో కొండవాలు మీద ఎల్ పాసో హైస్కూలు, గ్రీకు గుడి లాంటి స్తంభాలతో, ముందు కాంక్రీటు స్టేడియంతో. సర్కారు బడికి అంత హంగు! 1926లో ఇప్పుడు కోర్టెజ్ అని పిలిచే హోటలు. 1963 జూన్‌లో అధ్యక్షుడు కెనడీ ఇక్కడే దిగాడు. అదే ఏడు నవంబరులో ఆయన చేసిన డాలస్ ప్రయాణం గురించి మాట్లాడుకున్నదీ ఇక్కడేనంటారు. 1930లో పదిహేనంతస్తుల బ్యాసెట్ టవర్. దాని గుమ్మం పైన చెక్కిన ముఖం ట్రోస్ట్‌దేనని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. అదే ఏడు, స్టాక్ మార్కెట్ కుప్పకూలి దేశమంతా దివాళా తీస్తుంటే, కాన్రాడ్ హిల్టన్ అనే వ్యాపారి పార్కు పక్కన 19 అంతస్తుల హోటల్ తెరిచాడు. అవును, హిల్టన్ హోటళ్ళ హిల్టనే. గీసింది? చెప్పక్కర్లేదనుకుంటా.

ట్రోస్ట్‌కి సొంత శైలి అంటూ లేదని కొందరు విమర్శకులు పెదవి విరుస్తారు. నిజమే, ఒకచోట స్పానిష్ మఠం, ఒకచోట గ్రీకు గుడి, ఒకచోట భూటాన్, ఇంకోచోట ఆర్ట్ డెకో. తను ఉండటానికి 1909లో కట్టుకున్న ఇల్లేమో చూరు బారుగా సాగే ప్రెయిరీ పద్ధతి. నాకైతే ఇది లోపంలా అనిపించదు. ఇళయరాజా పల్లెపాటా కడతాడు, సింఫనీ కూడా రాస్తాడు. అన్నిట్లోనూ ఆయన చెయ్యి తెలుస్తూనే ఉంటుంది. ట్రోస్ట్ చెయ్యి తెలిసేది నీడలో. ఏ శైలిలో కట్టినా ఎండ ఎక్కడ పడుతుంది, నీడ ఎక్కడ నిలుస్తుంది అన్న లెక్క తప్పేవాడు కాదు.

మేడ మీద నుంచి యుద్ధం

మిల్స్ బిల్డింగ్ పూర్తయిన ఆ 1911లోనే నదికి అవతల మెక్సికోలో విప్లవం. మే నెలలో సరిహద్దు ఊరు హువారెజ్‌ని విప్లవకారులు ముట్టడించారు. ఎల్ పాసో జనం ఏం చేశారో తెలుసా? మేడలెక్కి, ఆగి ఉన్న రైలు డబ్బాలెక్కి చూశారు. క్రికెట్ మ్యాచ్ చూసినట్టు! నది దాటొచ్చిన తూటాలు తగిలి ఇవతల కొందరు చనిపోయారు కూడా.

ఆ విప్లవానికి నాయకుడు ఫ్రాన్సిస్కో మడెరో ఆ రోజుల్లో ఎల్ పాసోలోనే ఆఫీసు పెట్టుకున్నాడు. కేప్లెస్ బిల్డింగ్‌లో. అదీ ట్రోస్ట్ కట్టిందే, 1909లో. అక్కడ కూర్చున్న మనిషి నవంబరుకల్లా మెక్సికో అధ్యక్షుడయ్యాడు. 1913 ఫిబ్రవరిలో హత్యకి గురయ్యాడు.

విప్లవం పదేళ్ళు సాగింది. పారిపోయి వచ్చినవాళ్ళతో ఎల్ పాసో నిండిపోయింది. జనాభా రెట్టింపైందని పైన చదివారు కదా, అందులో వీళ్ళ వాటా పెద్దది. డబ్బున్నవాళ్ళు కొండ మీద సన్‌సెట్ హైట్స్‌లో బంగళాలు తీసుకున్నారు. లేనివాళ్ళు నదివైపు పేటల్లో, ఒకే లోగిలిలో అరడజను కుటుంబాలుండే ఇటుక వాటాల్లో సర్దుకున్నారు. ఊళ్ళో మేడలు లేస్తున్న ఆ రోజుల్లో తట్ట మోసే పనులకి మనుషులు వచ్చింది ఎక్కువగా ఆ పేటల నుంచే. మేడలు గీసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మోసినవాళ్ళ పేర్లు లేవు.

డబ్బు లేక మిగిలిన మేడలు

ట్రోస్ట్ 1933లో పోయాడు. ఆర్థికమాంద్యంతో ఊరి జోరూ తగ్గింది. తర్వాత కార్లు, హైవేలు, మాల్స్. జనం శివార్లకి పోయారు. నడిబొడ్డున ఉన్న దుకాణాలు సరిహద్దు దాటొచ్చే మెక్సికో కొనుగోలుదారుల మీద బతికేవి. పెసో విలువ పడిపోయినప్పుడల్లా అవీ డీలా పడ్డాయి. పెద్ద మేడలకి ఒక్కొక్కదానికే తాళాలు పడ్డాయి. లోపల పావురాలు కాపురం పెట్టాయి.

నిజం చెప్పాలంటే అవి ఇవాళ నిలబడి ఉన్నది ఎవరో ప్రేమగా కాపాడారని మాత్రమే కాదు. కూల్చి కొత్తది కట్టేంత డబ్బు ఆ ఊళ్ళో చాలాకాలం లేదు కాబట్టి కూడా. డబ్బున్న ఊళ్ళలో ఏమైందో చూడండి. న్యూ మెక్సికోలోని అల్బుకెర్కీలో ట్రోస్ట్ సంస్థ 1923లో కట్టిన ఫ్రాన్సిస్కన్ హోటల్ ఉండేది. అక్కడి ఆదివాసుల మట్టి ఊళ్ళని తలపించే గొప్ప కట్టడం. 1972లో పడగొట్టారు. దాని స్థానంలో వచ్చింది కార్ల పార్కింగ్.

పార్కింగ్ గండం ఎల్ పాసోకీ వచ్చింది. ప్లాజా థియేటర్ అని 1930 నాటి సినిమా హాలు. ఇది ట్రోస్ట్ కట్టింది కాదు. లోపల కూర్చుంటే ఏదో స్పానిష్ ఊరి పెరట్లో ఆరుబయట కూర్చున్నట్టుంటుంది. పైకప్పు మీద నక్షత్రాలు మెరుస్తాయి, మబ్బులు కదులుతాయి. 1980ల్లో దాన్ని కూల్చేద్దామనుకున్నారు. అప్పుడు ఊరివాళ్ళు చందాలేసుకున్నారు. కొన్ని వారాల్లోనే పది లక్షల డాలర్లు పోగుచేసి కొనేశారు. బాగుచేసి తెరవడానికి మాత్రం 2006 దాకా పట్టింది. సింగిల్ స్క్రీన్‌లు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్ళయిపోతుంటే చూస్తున్న మనకి ఈ ముక్క కాస్త గట్టిగానే తగులుతుంది.

ఆ తర్వాత దశ తిరిగింది. మిల్స్ బిల్డింగ్‌ని బాగుచేశారు. బ్యాసెట్ టవర్ హోటలైంది. హిల్టన్ కట్టించిన హోటలు, గాజు గుమ్మటం ఉన్న పాసో డెల్ నార్టె, రెండూ 2020లో మళ్ళీ తెరుచుకున్నాయి. ఇన్‌స్టాలో ఎల్ పాసో అని కొడితే వచ్చే రూఫ్‌టాప్ ఫొటోలు ఇవే.

ఇక్కడితో ఆపేస్తే అంతా శుభం. కానీ ఇదే ఊళ్ళో, ఇదే డౌన్‌టౌన్‌లో, ఆ మేడలకి నడిచివెళ్ళేంత దూరంలో ఇంకో కథ నడిచింది.

దురంగిటో

ఇందాక చెప్పుకున్న ఇటుక వాటాల పేటల్లో ఒకటి దురంగిటో. ఒకటి రెండు అంతస్తుల పాత ఇళ్ళు, చిన్న దుకాణాలు. ఏ పెద్ద ఆర్కిటెక్టూ సంతకం పెట్టినవి కావు. ఉండేవాళ్ళు పేదలు, ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్నవాళ్ళు, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళు.

2012లో ఊరి ఓటర్లు ఒక పెద్ద వేదిక కట్టడానికి 18 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. 2016లో నగర పాలకులు దానికి దురంగిటోని ఎంచుకున్నారు. ఖాళీ చేయమని, డబ్బిస్తామని అద్దెకున్నవాళ్ళకి చెప్పారు. చాలామంది వెళ్ళిపోయారు. కొందరు కదలమన్నారు. చరిత్ర పరిశోధకులు కోర్టుకెళ్ళారు. 2017 సెప్టెంబరు 12 తెల్లవారుజామున ప్రొక్లెయిన్లు దిగాయి. కోర్టు స్టే ఉండగానే! పోలీసులు వచ్చి ఆపేలోపు అయిదు భవనాల గోడలకి పెద్దపెద్ద కన్నాలు పడ్డాయి.

తర్వాత చుట్టూ కంచె. కోర్టులో ఏళ్ళ తరబడి వాయిదాలు. వాటి మధ్య కరోనా కూడా వచ్చిపోయింది. చివరికి 2023 జనవరిలో నగర కౌన్సిల్ ఓటింగ్ పెట్టి, అక్కడ కట్టే ఆలోచన మానుకుంది.

రెండు వైపులా వాదనలున్నాయి. ఊరికి కొత్త వేదిక వస్తే ఉద్యోగాలొస్తాయి, కూలిపోయేలా ఉన్న ఇళ్ళని పట్టుకుని వేలాడతారేంటి అన్నవాళ్ళు తక్కువేం కాదు. ఓటేసిందీ జనమే కదా అన్నారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. తాళం పడి, పావురాలు చేరిన పదిహేనంతస్తుల మేడ ‘వారసత్వం’ అయింది. మనుషులు కాపురముంటున్న ఒంటి అంతస్తు వాటా ‘పాత కొంప’ అయింది. రెండూ ఇంచుమించు ఒకే కాలంవి. ఒకటి కట్టించినవాళ్ళది, రెండోది కట్టినవాళ్ళది.

పైగా దురంగిటో ఊరికి కొత్తగా అతుక్కున్న పేట కాదు. 1859లో ఆన్సన్ మిల్స్ గీసిన మొట్టమొదటి ప్లానులో ఈ వీధులు కూడా ఉన్నాయి. ఆయన పేరున్న మేడకి ఇప్పుడు కొత్త మెరుగులు. ఆయన గీసిన వీధుల్లో మాత్రం, ఊరు మనసు మార్చుకునే నాటికి, కన్నాలు పడిన గోడలే మిగిలాయి.